కంటినిండా నిద్రపోయిన పాపం

పిల్లలు కంటినిండా నిద్రపోతే ఎంత ప్రమాదమో ఆ మాయరోగం రోజుల్లోనే తెలిసొచ్చింది! నమ్మరా? అయితే ఈ స్కూలు బస్సు డ్రైవర్ సంగతి వినండి.

ఆయనకు పదో తరగతి చదివే కూతురుంది. బడి ఉన్నన్నాళ్లూ చీకటితోనే తల్లి దుప్పటి లాగేది, తండ్రి వీధిలో హారన్ కొట్టేవాడు. పిల్ల ఒంటికాలి సాక్సుతో బస్సెక్కి, కిటికీకి తల ఆనించి మళ్లీ నిద్రపోయేది. పలకరిస్తే కయ్యిమనేది. వయసు అలాంటిదని ఇంట్లో సరిపెట్టుకున్నారు. ఎంత చక్కటి క్రమశిక్షణ!

అంతలో రోగమొచ్చి బళ్లు మూతపడ్డాయి. బస్సు షెడ్డెక్కింది, పాఠాలు ఫోనెక్కాయి. మొదట్లో స్నేహితులు కనబడక పిల్ల బెంగపెట్టుకుంది, వేళాపాళా లేకుండా ఫోన్ పట్టుకు కూర్చుంది. మెల్లగా నిద్ర దారిలో పడింది. క్లాసుకు కాస్త ముందు లేస్తే చాలు కదా!

ఘోరం అప్పుడే జరిగింది. పిల్ల నవ్వడం మొదలెట్టింది. అడక్కుండానే గిన్నెలు తోమింది. తమ్ముడికి తిట్టకుండా లెక్కలు చెప్పింది. తండ్రికి గుండె జారిపోయింది. ఇది ఆ రోగానికి కొత్త లక్షణమేమోనని డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఆవిడ అంతా విన్నది.

"జబ్బేం లేదండీ. మీ అమ్మాయికి నిద్ర సరిపోతోంది, అంతే."

బళ్లు తెరిచారు. పిల్లల మనసులు దెబ్బతిన్నాయని ప్రిన్సిపాల్‌గారు తెగ బాధపడి, నిద్ర ఎంత అవసరమో చెప్పడానికి ప్రత్యేక క్లాసు పెట్టించారు. ఎప్పుడనుకున్నారు? మొదటి పీరియడ్‌కు గంట ముందు!

వారం తిరక్కుండా పిల్ల మొహం ముడుచుకుపోయింది. ఒకరోజు డ్రైవర్ అద్దంలో వెనక్కి చూశాడు. కూతురితో సహా బస్సులో ఉన్నవాళ్లందరూ తలలు వాల్చేశారు. ఆ బాధ్యతలేని మనిషి ఏం చేశాడో తెలుసా? బడి ఇంకో మలుపు ఉందనగా బస్సు పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాడు.

కూతురు ఒక కన్ను తెరిచింది. "వచ్చేశామా నాన్నా?"

"ఇంకా లేదమ్మా. పడుకో."

బండి మొరాయించిందని ప్రిన్సిపాల్‌గారికి చెప్పాడు. మర్నాడూ మొరాయించింది. ఆ వారమంతా మొరాయిస్తూనే ఉంది. మెకానిక్ విప్పి చూసి బండిలో ఏ లోపమూ లేదన్నాడు.

మరి లోపం ఎక్కడుందో తేల్చొద్దూ? యాజమాన్యం ఆదివారం అత్యవసర సమావేశం పెట్టింది, సరిగ్గా ఆ ప్రత్యేక క్లాసు వేళకే. డ్రైవర్ ఒక్కడే వెళ్లి కూర్చున్నాడు.

మిగతా పెద్దలెవరికీ మెలకువ రాలేదట!