పెట్టె అడిగిన ప్రశ్నలు

మన సూపరింటెండెంటుగారు ముప్పయ్యొక్క సంవత్సరాలు లైసెన్సుల కార్యాలయంలో పనిచేసి, ఖాళీ గడి ఉన్న దరఖాస్తును ఒక్కదాన్ని కూడా బల్ల దాటనివ్వని మహానుభావులు. తాతగారి వృత్తి రాయవలసిన చోట ఎవరైనా గీత గీసి ఊరుకుంటే, "మీ తాతగారు గీతలు గీసేవారా?" అని అడిగి వెనక్కి పంపేవారు. పదవీ విరమణ చేసి ఆరేళ్ళయినా ఆ గుణం పోలేదు. పుట్టుకతో వచ్చింది పుడకలతో గాని పోదు కదా.

అటువంటి మనిషి ఇంటికి లైసెన్సు లేని పెట్టె ఒకటి వచ్చి చేరిందంటే నమ్మడం కష్టమే. కానీ చేరింది. మిట్టమధ్యాహ్నం, వీధిలో కాకి కూడా లేని వేళ చూసుకుని, పాత పత్రికలో చుట్టి, ఆయనే స్వయంగా చంకలో పెట్టుకుని తెచ్చారు.

కారణం చిన్నదే. ఒక ఆట చూడాలంటే ఒక చందా, ఇంకో ఆటకు ఇంకో చందా, పాత సినిమాలకు మరొకటి. ఈ గోల పడలేక వీధి చివరి మరమ్మతుల కొట్టుకు వెళ్ళారు. ఆ కొట్టు నడిపేవాణ్ణి అందరూ 'సర్దుబాటు' అని పిలుస్తారు.

"ఇది చట్టబద్ధమేనా?" అని కళ్ళజోడు సవరించుకుని విచారించారు.

"పెట్టె నిక్షేపంగా చట్టబద్ధం సార్. డబ్బా డబ్బాయే కదా."

"మరి అందులోకి వచ్చే బొమ్మలు?"

"అవి గాల్లోంచి వస్తాయి సార్. గాలికి లైసెన్సేంటి?"

ఇలాంటి జవాబులను ముప్పయ్యొక్క సంవత్సరాలు ఎర్ర సిరాతో కొట్టివేసిన చెయ్యి, ఆ రోజు మాత్రం బుద్ధిగా ముందుకు చాచి పెట్టెను అందుకుంది.

ఇంట్లో ఉన్నది సామాన్యురాలు కాదు. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఇరవై ఏడు సంవత్సరాలు ఆపరేటరుగా చేసి విరమించిన ఇల్లాలు. పత్రిక విప్పకముందే వాసన పట్టేసింది.

"ఏమిటండీ ఆ మూట?"

"మూట కాదోయ్, ప్రపంచం. మూడువేల ఛానెళ్ళు."

"లైసెన్సుందా?"

"పెట్టె చట్టబద్ధమే. అందులోకి ఎవరో ఏదో పంపుతున్నారు. పంపేవాడి పాపం పంపేవాడిది."

"దొంగసొత్తు ఎవడో గుమ్మంలో పెట్టిపోతే, లోపలికి తెచ్చి కుర్చీ వేస్తారా? సినిమా తీసినవాడి కష్టం ఏమైపోవాలి? పైగా ఆదివారం సభలో మీకు బిరుదు ఇస్తున్నారు, గుర్తుందా?"

గుర్తులేకపోవడమా! విశ్రాంత ఉద్యోగుల సంఘంవారు ఆయనకు 'నియమనిష్ఠుడు' అన్న బిరుదు ఇవ్వబోతున్నారు. ఆరేళ్ళుగా ఆయన ఆ బిరుదు మీదే కన్ను వేసి ఉన్నారు. 'నియమమే నా ఊపిరి' అన్న ప్రసంగాన్ని నాలుగుసార్లు సాపు రాశారు కూడా.

"సభకు పెట్టెను వెంట తీసుకెళ్ళడం లేదు కదా."

"ఒక్క మాట వినండి. తీగన్నాక రెండు కొసలుంటాయి. ఈ కొస నుంచి మీరు వింటున్నారంటే, ఆ కొస నుంచి ఇంకెవరో వింటున్నట్టే. ఇరవై ఏడేళ్ళు నేను చూసింది అదే."

"కరెంటు తీగ తప్ప దీనికి వేరే తీగే లేదు!" అన్నారాయన విజయగర్వంతో.

"అయితే మరీ భయం. ఆ కొస ఎక్కడుందో కూడా తెలీదు."

పెట్టె వెలిగింది. దాని నుదుటి మీద కందిగింజంత గాజుకన్ను ఒకటి ఎర్రగా మెరిసింది. నల్లని తెర మీద తెల్లని అక్షరాలతో ఒక దరఖాస్తు ప్రత్యక్షమైంది.

పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, ముద్దుపేరు. టీవీ ఏ గదిలో ఉంది? ఇంట్లో ఎంతమంది? ఏ వేళల్లో ఇంటికి తాళం ఉంటుంది? కెమెరాకు అనుమతి ఇస్తారా? మైకుకు ఇస్తారా? ప్రతి ప్రశ్న కిందా 'దాటవేయవచ్చు' అని సన్నని అక్షరాలతో ఉంది.

దాటవేయడమా! సూపరింటెండెంటుగారికి అవమానంగా తోచింది. రిమోటుతో ఒక్కొక్క అక్షరమే ఏరుకుంటూ, గంటన్నరసేపు కూర్చుని, ఒక్క గడి కూడా వదలకుండా పూర్తి చేశారు. తాళంచెవి ఎక్కడ పెడతారని పెట్టె అడగలేదు. అడిగి ఉంటే అదీ రాసేవారు.

"చూశావుటోయ్, ఎంత పద్ధతైన పెట్టో! మా కార్యాలయంలో కూడా ఇంత సమగ్రమైన ఫారం లేదు."

"మీ కార్యాలయంలో అయితే ఫారం ఎవరి చేతికి ఇస్తున్నారో జనానికి తెలిసేది. ఇది ఎవరికిచ్చారు?" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రెండు రోజులు స్వర్గమే. మూడవ రోజు మధ్యాహ్నం ఆయన కుర్చీలో కూర్చున్నారో లేదో, రిమోటు ముట్టుకోకుండానే టీవీ దానంతట అదే వెలిగింది.

'గుమ్మడి గారూ, స్వాగతం.'

ఆయన వీపు మీద ఎవరో తడిగుడ్డ వేసినట్టయింది. చిన్నతనంలో బొద్దుగా ఉండేవారని తల్లి పెట్టుకున్న పేరది. ఆమె పోయాక ఆ పేరుతో ఆయనను పిలిచిన నోరు లోకంలో లేదు. తానే స్వహస్తాలతో గడి నింపానన్న సంగతి తట్టడానికి చాలాసేపు పట్టింది. తట్టాక కూడా వీపు ఆరలేదు.

మర్నాడు: 'గుమ్మడి గారూ, ఇవాళ పన్నెండు నిమిషాలు ఆలస్యం.' గోడగడియారం చూసుకున్నారు. సరిగ్గా పన్నెండు నిమిషాలే.

ఆ మర్నాడు: 'గుమ్మడి గారూ, అమ్మగారు వంటింట్లోనే ఉన్నారా?'

ప్రశ్న కనబడితే జవాబు ఇవ్వడం రక్తంలో ఉంది కదా. "ఆఁ, వంటింట్లోనే" అనేశారు పైకి. తెర మీద 'సంతోషం' అన్న మాట పడింది. నట్టింట్లో ఎండ పడుతూనే ఉంది గాని, ఆయన లేచి శాలువా కప్పుకున్నారు.

భార్యకు చెప్పరు. చెబితే ఓడినట్టు, పెట్టె తీసేసినా ఓడినట్టే. చెప్పులేసుకుని కొట్టుకు పరుగెత్తారు. అక్కడ మరమ్మతుల కొట్టు లేదు, పళ్ళరసాల కొట్టు ఉంది. మిక్సీ గిరగిర తిరుగుతోంది.

"సర్దుబాటు ఎక్కడయ్యా?"

"ఖాళీ చేసి వెళ్ళిపోయాడు సార్. నల్లపెట్టె గురించేనా? ఇవాళ మీరు తొమ్మిదోవారు. రసం ఏమైనా తాగుతారా?"

శనివారం వచ్చింది. మర్నాడే సభ. మధ్యాహ్నం టీవీ అప్పటికే వెలిగి ఉంది. ఏదో సినిమా నడుస్తోంది. కిటికీ తెరలు వేసిన మసక గది, ఒక కుర్చీ, కుర్చీలో ఒక ముసలాయన. సూపరింటెండెంటుగారి కళ్ళజోడు నుదుటి మీద ఉంది, దాన్ని కిందికి దించుకోవాలన్న స్పృహ ఆయనకు లేదు. విదేశీ కళాఖండం కాబోలు అనుకుని చూస్తూ కూర్చున్నారు.

పది నిమిషాలైనా కథ కదలలేదు. ముసలాయన అలా ముందుకు చూస్తూనే ఉన్నాడు. మూలన నలభైయొకటి అన్న అంకె ఉంది. ఎన్నవ భాగమో కాబోలు.

"ముఖంలో ఒక్క భావం లేదు," అని గొణిగారు. "చొక్కా గుండీ తప్పు కాజాలో పెట్టుకున్నాడు. దర్శకుడైనా చూసుకోవద్దూ?"

అప్పుడు సినిమాలో కదలిక వచ్చింది. ముసలాయన వెనకాల తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఎవరో స్త్రీ. చేతిలో ఏదో పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ, అతని వీపు వైపే వస్తోంది. ముసలాయనకు తెలియదు. దగ్గరకు వచ్చేసింది. చెయ్యి చాచింది.

"వెనక్కి చూడు నాయనా, వెనక్కి!" అని సూపరింటెండెంటుగారు కేక పెట్టారు.

ఆయన భుజానికి వెచ్చగా ఏదో తగిలింది.

"టీ," అంది భార్య.

కళ్ళజోడు దానంతట అదే ముక్కు మీదికి జారింది. తెర మీద ముసలాయన నోరు తెరుచుకుని ఉన్నాడు. పక్కన టీ కప్పుతో ఆయన భార్య. ఆయన చొక్కాకు తప్పు పెట్టిన గుండీ. సూపరింటెండెంటుగారు కిందికి చూసుకున్నారు. రెండో కాజాలో మూడో గుండీ.

తర్వాత జరిగినది క్షణంలో జరిగింది. పెట్టె తీగ పీకారు, టీవీ తీగ పీకారు, ఏ పాపం ఎరుగని ఫ్యాను తీగ కూడా పీకారు. "చూస్తున్నారోయ్! ఎవరో మనల్ని చూస్తున్నారు!" అంటూ కుర్చీ వెనక చేరారు.

భార్య తాపీగా టీవీ పక్కనున్న పూలకుండీ వెనక నుంచి తన ఫోను బయటికి తీసింది.

"చూస్తున్నది మా ఎక్స్‌ఛేంజి వాళ్ళేనండీ. వీడియో కాల్ పెట్టి టీవీ మీదకు ఎక్కించాను. నోటితో చెబితే వినరు, కంటికి కనబడితే వింటారని."

"నా పరువు!"

"పరువుకేం కాలేదు. గుండీ గురించే అందరూ అడిగారు."

ఆయన కుర్చీ వెనక నుంచి లేచారు. అవమానం కంటే ఊరటే ఎక్కువగా ఉంది. "అంటే ఇన్నాళ్ళూ ఇదంతా నీ నాటకమా? గుమ్మడీ అని పిలిచింది కూడా నువ్వేనన్నమాట!"

"గుమ్మడా? నేనెందుకు పిలుస్తాను?"

"మూడు రోజుల నుంచి పిలుస్తోంది. నువ్వు వంటింట్లో ఉన్నావా అని కూడా అడిగింది."

ఆమె నవ్వు సగంలో ఆగింది. "నేను పెట్టింది ఈ ఫోను ఒక్కటే. అదీ ఇవాళే."

"మరి నలభైయొక్కమంది..."

"నలభైయొక్కరా? నాతో కలిపి మేం నలభైమందిమే."

"మూలన అంకె చూశాను."

ఇరవై ఏడు సంవత్సరాలు లైన్లు లెక్కపెట్టిన మనిషి ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని లెక్కపెట్టింది. నలభై. పెట్టె తీగ నేల మీద పడి ఉంది. ఫోను తెర అడుగున, బూడిదరంగు చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది. ఆమె పైకి చదవలేదు. ఆయనకు చూపించింది.

'గుమ్మడి నిష్క్రమించారు.'

 ఫోనులోంచి, "ఏమేవ్, ఇందాకటి నుంచి చప్పుడు చెయ్యకుండా కూర్చున్న ఆ గుమ్మడి ఎవరే?" అని ఎవరో అడుగుతున్నారు.

ముందుగా తేరుకున్నది ఆమే. సాయంత్రంలోగా ఇంట్లోని పాస్‌వర్డులన్నీ మార్చింది, బ్యాంకుకు ఫోను చేసి చెప్పింది, పెట్టెను మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టింది.

"పోనీలే, ఆ డబ్బాను అవతల పారేద్దాం. ఎవరికీ చెప్పకు," అన్నారాయన.

"చెప్పేది నేను కాదు, మీరు. రేపు, సభలో."

"బిరుదు పోతుందే!"

"మావాళ్ళంతా చూశారు. మీరు చెబితే ప్రసంగం, వాళ్ళు చెబితే పుకారు. ఏది కావాలో మీ ఇష్టం."

నాలుగుసార్లు సాపు రాసిన ప్రసంగాన్ని ఆయన ఆదివారం జేబులోంచి తీయనే లేదు. పెట్టె కొన్న దగ్గర నుంచి ఫ్యాను తీగ పీకిన దాకా, పూస గుచ్చినట్టు చెప్పారు. "గాలికి లైసెన్సేంటి అన్నాడు, నేను నమ్మాను" అన్న చోట, సభలో ఎనిమిది తలలు నెమ్మదిగా వంగాయి. బిరుదు మాత్రం ఇచ్చారు, వెనక్కి తీసుకునే నియమం సంఘానికి లేదు గనుక.

కార్యక్రమం అయ్యాక కార్యదర్శి వచ్చి, సన్మాన సంచిక కోసమంటూ ఒక ఫారం చేతిలో పెట్టాడు. సూపరింటెండెంటుగారు కలం తీసి చకచకా నింపుతూ వచ్చి, ఒకచోట ఆగారు. కలం గాలిలో చాలాసేపు నిలిచింది. ఆ తర్వాత, జీవితంలో మొదటిసారి, ఆ గడి దాటి కింది గడికి వెళ్ళారు.

"సార్, ముద్దుపేరు దగ్గర ఖాళీ వదిలేశారే?" అన్నాడు కార్యదర్శి ఆశ్చర్యంగా.

ఆయన భార్య వైపు చూశారు. ఆమె కాగితాన్ని మడిచి కార్యదర్శికి ఇచ్చేసింది.

"ఉండనివ్వండి బాబూ. ఆ పేరుతో ఇప్పుడు ఇంకెవరో తిరుగుతున్నారు."