ఎర్రమ్మ అర్జీ నంబరు 1,04,729

అర్జీకి ప్రధాన సంఖ్య నంబరుగా పడటం పూర్వజన్మ సుకృతం. నవ్వకండి! ఆ అదృష్టం విలువ తెలియకనే మన జనం రసీదులు పట్టుకుని ఆఫీసుల ముందు ఉసూరుమంటున్నారు.

గొల్లపల్లి వైపు, రాష్ట్ర సరిహద్దు అవతల ఒక బడిలో హిందీలో లెక్కలు చెప్పి, ఇంటికొచ్చి తెలుగులో నెమరేసుకునే సునీల్‌కుమార్ సారు మాత్రం విలువ తెలిసినవాడు. ఊరి చివరి పారాలో, అంటే వాడలో, చేతిపంపు పాడై రెండు వేసవులు దాటింది. అక్కడి ఎర్రమ్మ వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని నీళ్లు మోస్తోంది. పంపు బాగుచేయమని ఆమె పెట్టిన అర్జీ రసీదు చూడగానే సారుకు ఒళ్లు పులకరించింది. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగించలేని సంఖ్య!

అయినా అనుమానం తీరాలిగా? రెండుతో భాగించాడు, ఒకటి మిగిలింది. మూడుతో భాగిస్తే రెండు. అయిదుతో నాలుగు. వర్గమూలం దాకా, అంటే మూడువందల ఇరవైమూడు దాకా చూస్తే చాలు, ఆపైన అక్కర్లేదు. సారు అంతా చూశాడు. ప్రతిసారీ ఎంతో కొంత శేషం.

ఆఫీసులో జరిగిందీ ఇదే కదా? ఎర్రమ్మ ఆధార్ ఇస్తే ఫొటో మిగిలింది. ఫొటో ఇస్తే సర్పంచ్ సంతకం మిగిలింది. సంతకం తెస్తే, పాడైన పంపు పక్కన తాను నిలబడి తీయించుకున్న ఇంకో ఫొటో మిగిలింది. ఇందులో కౌంటర్ బాబుల తప్పేముంది? నంబరే అలాంటిది!

పైగా ఎంత భద్రం! మన ఫోన్లలోని రహస్యాలకు వేసే తాళాలను ఇంతకంటే మహా పెద్ద ప్రధాన సంఖ్యలతోనే తయారుచేస్తారు. ఎర్రమ్మ అర్జీని కూడా ఇంతవరకు ఒక్కరూ విప్పి చదివిన పాపాన పోలేదు.

ఈ శుభవార్త చెప్పడానికి సారు సైకిలు తొక్కుకుంటూ పారాకు వెళ్లాడు. చెలమ నీళ్లు మోసుకొస్తున్న ఎర్రమ్మ పాడైన పంపు దగ్గర బిందె దించి, అంతా ఓపిగ్గా విన్నది.

"అది సరే సారూ. ఈ నంబరుతోని పంపు బాగైతదా?"

"అది కాదమ్మా. ఇది అల్లాటప్పా నంబరు కాదు. ప్రధాన సంఖ్యల్ని మొదట్నుంచీ వరుసలో నిలబెడితే, నీది సరిగ్గా పదివేలోది."

ఎర్రమ్మ కొంగుతో చెమట తుడుచుకుంది.

"అంటే నా ముంగట తొమ్మిదివేల తొమ్మిదొందల తొంబైతొమ్మిది మంది ఇట్లనే లైన్ల ఉన్నరా? ఆళ్ల పనైందా?"

పదహారేళ్ల సర్వీసులో ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. సారు తెలియదన్నాడు.

"పోనీ, నా ఎనక ఇంకెంతమంది ఉన్నరు?"

దీనికి మాత్రం జవాబు తెలుసు. రెండువేల ఏళ్ల కిందటే రుజువైన సంగతి. ఏటా బోర్డు మీద ఉత్సాహంగా రాస్తాడు కూడా. ప్రధాన సంఖ్యలకు అంతు లేదు. ఎండిన పంపు పక్కన నిలబడి ఆమెకు ఆ మాట చెప్పడానికి ఆయనకు మొదటిసారి సిగ్గేసింది.