తదితరుల్లో మొదటి పేరు

"మన సంఘ చరిత్రలో మొట్టమొదటిసారిగా, పదవిలో ఉన్న ఒక మంత్రిగారు మన రోగుల జాబితాలో చేరుతున్నారని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను" అని సంఘం సెక్రటరీగారు ఆదివారం ఆరాధనలో మైకు ముందు ప్రకటించారు. మంత్రిగారికి జలుబు చేసింది. ముందు బెంచీల్లోని పెద్దలు చప్పట్లు కొట్టబోయి, చర్చిలో ఉన్నామని గుర్తొచ్చి "స్తోత్రం" అన్నారు.

వెనక బెంచీలో గుమాస్తా కూడా అన్నాడు. ఇరవై రెండేళ్లుగా సంఘం ఆఫీసులో టైపు కొట్టేది అతనే. సెక్రటరీగారంటే అతనికి ఎనలేని గౌరవం. పార్టీ పనికీ ప్రభువు పనికీ ఒకే డైరీ వాడే మనిషి ఆయన. వచ్చే ఎన్నికల్లో తనకు టికెట్ ఖాయమని ఆయన నమ్మకం. అది దైవచిత్తమని కూడా ఆయనే చెబుతుంటారు కాబట్టి గుమాస్తా కాదనలేదు.

ఆ చర్చిలో రోగుల జాబితా అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ప్రతి ఆదివారం పాస్టరుగారు పన్నెండు పేర్లు చదువుతారు. ఒక్కో పేరు చదివి ఆగుతారు. సంఘమంతా ఆ మనిషిని తలుచుకుని "ప్రభువా, కరుణించు" అంటుంది. పన్నెండు దాటితే జనం మనసు పెట్టరని ఎప్పటి పెద్దలో పెట్టిన నియమం అది. ఆ పన్నెండులో మూడో పేరు గుమాస్తా భార్యది. ఊపిరితిత్తుల జబ్బుతో ఆమె నాలుగు నెలలుగా మంచం దిగలేదు. కాపురం చర్చి పక్కనున్న క్వార్టరులోనే. పద్దెనిమిదేళ్లు పాటల బృందంలో పాడిన గొంతు, ఇప్పుడు నోరు తెరిస్తే దగ్గే వస్తోంది. అయినా లౌడ్‌స్పీకర్లో తన పేరు వినిపించి, వెనకే మూడువందల గొంతులు తనను కరుణించమని అడిగిన పూట మాత్రం నాలుగు ముద్దలు తినేది. ఆమెను నిలబెడుతున్నది మందులు కాదని, ఆ పిలుపేనని గుమాస్తా గట్టిగా నమ్మాడు.

మంత్రిగారి జలుబు ఒకటో నంబరుకి ఎక్కేసరికి ఆమె నాలుగుకి దిగింది. "అయితే మంత్రిగారూ నేనూ ఒకే జాబితా అన్నమాట" అని నవ్వింది. అతనికీ గర్వంగానే అనిపించింది.

మర్నాడు పేపర్లో ఆ వార్త ఫొటోతో సహా పడింది. మంత్రిగారి పీఏ స్వయంగా ఫోన్ చేసి ధన్యవాదాలు చెప్పాడు. ఇక ఆ వారమంతా సంఘం ఆఫీసుకి రోగుల తాకిడే తాకిడి. అందరూ చకచకా మెట్లెక్కి వచ్చారు. ఎమ్మెల్యేగారికి మణికట్టు బెణికింది. పెద్ద ఇంజనీరుగారికి తేన్పులు. కాంట్రాక్టరుగారు తొందరలో ఏ జబ్బూ లేకుండానే వచ్చేశారు.

"మంత్రిగారి పక్కన ఏ జబ్బు ఖాళీగా ఉంది?" అని అడిగారాయన.

"పక్కన లేదండీ. అయిదో నంబరులో నిద్ర పట్టకపోవడం ఉంది. వేయమంటారా?" అన్నారు సెక్రటరీగారు.

"నాకు పడుకోగానే పడుతుందే."

"ఆదివారం పొద్దున పట్టకపోతే చాలు."

రెండో వారానికి పెద్ద చిక్కు వచ్చిపడింది. ఒక బస్సు డ్రైవరు గుండె ఆపరేషను ముందుండాలా, ఎమ్మెల్యేగారి మణికట్టు ముందుండాలా? సెక్రటరీగారు వెంటనే సబ్‌కమిటీ వేశారు. అది రెండు గంటలు తలలు బద్దలుకొట్టుకుని, జబ్బు తీవ్రతను రోగి పదవిని బట్టి నిర్ణయించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. గుమాస్తా ఆ తీర్మానాన్ని ఒక్క తప్పు లేకుండా టైపు చేశాడు. మూడో ఆదివారానికి పన్నెండు పేర్లూ ప్రముఖులవే అయ్యాయి. అందులో మంచాన పడ్డవాళ్లు ఒక్కరూ లేరు. మంచాన పడ్డవాళ్లందర్నీ కలిపి చివర "మరియు తదితరులు" అని ఒక్క ముక్కలో చేర్చారు.

గుమాస్తా రెండు రోజులు తటపటాయించి, మూడో రోజు ధైర్యం చేసి సెక్రటరీగారి బల్ల ముందు నిలబడ్డాడు. మా ఆవిడ పేరు, అని మొదలుపెట్టి ఆగిపోయాడు. సెక్రటరీగారు కుర్చీలోంచి లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"మీ ఆవిడ పేరు ఎక్కడికీ పోలేదు. తదితరుల్లో మొదటి పేరు ఆవిడదే. నేనే దగ్గరుండి పెట్టించాను."

అంతటి మనిషి తన భార్య కోసం ఇంత శ్రమ పడ్డారా అని గుమాస్తా కళ్లు చెమర్చాయి. ఇంటికి వెళ్లి ఆ మాట ఆమెకు చెప్పాడు. ఆమె పైకప్పు కేసి చూసి, "తదితరులు అన్నప్పుడు జనం ఎవర్ని తలుచుకుంటారండీ?" అని అడిగింది.

అతనికి ఏడుపొచ్చింది. గ్లాసు కడిగే మిషతో వంటింట్లోకి వెళ్లి, కడిగిన గ్లాసునే చాలాసేపు కడిగాడు. ఆ ఆదివారం ఆమె రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టేసింది. ఆ పై ఆదివారం అదీ లేదు.

ఇలా ఏడు ఆదివారాలు గడిచాయి. మంత్రిగారి పేరు ఏడుసార్లూ మొదట మోగింది, ఏడుసార్లూ పేపర్లో పడింది. మంత్రిగారి దురదృష్టం కొద్దీ ముఖ్యమంత్రిగారికి పేపర్లు చదివే అలవాటు ఉంది. మూడువందల మంది ఏడు వారాలు ప్రార్థించినా తగ్గని జలుబు మామూలు జలుబు కాదని పార్టీ పెద్దలు తేల్చారు. మంత్రిగారు లబోదిబోమంటూ విలేకరులను పిలిచి, తాను గుండ్రాయిలా ఉన్నానని చూపించడానికి ఆఫీసు మెట్లు నాలుగంతస్తులు పరుగెత్తి ఎక్కారు. పైకి చేరాక పది నిమిషాలు మాట రాలేదు. ఫొటోలు బాగా వచ్చాయి. మర్నాడు ఆయనకు పూర్తి విశ్రాంతినిచ్చి, ఆ కుర్చీలో ఆయనంటే గిట్టని మరో నాయకుణ్ని కూర్చోబెట్టారు.

జాబితాలోని ప్రముఖులందరికీ రెండు రోజుల్లో జబ్బులు నయమైపోయాయి. ఎమ్మెల్యేగారు ఆఫీసుకి వచ్చి గుమాస్తా చెయ్యి విరిగిపోయేలా కరచాలనం చేసి వెళ్లారు. కాంట్రాక్టరుగారు తాను రోజుకు తొమ్మిది గంటలు నిద్రపోతున్నట్టు డాక్టరు సర్టిఫికెట్ పట్టుకొచ్చారు. శనివారానికి కాగితం మీద "మరియు తదితరులు" తప్ప ఏమీ మిగల్లేదు. గుమాస్తా కొత్త కాగితం ఎక్కించి, ఒకటో నంబరులో భార్య పేరు టైపు చేశాడు. రెండో నంబరులో బస్సు డ్రైవరును వేశాడు. మొత్తం తొమ్మిది పేర్లు వచ్చాయి. అన్నీ మంచాల మీదివే.

ఆదివారం పొద్దున ఆమెకు ఆ మాట చెప్పాడు. ఆమె తల దువ్వించుకుంది. మంచం కిటికీ పక్కకు జరిపించుకుంది.

ఆ రోజే కొత్త మంత్రిగారు ఆరాధనకు వచ్చారు. పది నిమిషాల ముందు సెక్రటరీగారు జాబితా చూసి గతుక్కుమన్నారు. కొత్త మంత్రిగారి ఎదుట జబ్బుల మాటెత్తితే పాతాయన గతే తనకూ పట్టాలని కోరుతున్నామని ఆయన అనుకోరా అని గుమాస్తాను పక్కకు లాగి అడిగారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మన సంఘంలో రోగులెవరూ లేరని నేనే ప్రకటిస్తాను. ఇంతటి స్వస్థత ఏ సంఘానికి దక్కింది చెప్పండి?"

పక్కనే వింటున్న పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

రోగుల ప్రార్థన వేళ అయింది. అలవాటుగా చర్చి అంతా తలలు వంచింది. సెక్రటరీగారు మైకు దగ్గరకు వచ్చారు. ఆ నిశ్శబ్దంలో పక్క క్వార్టరులోంచి దగ్గు వినిపించింది. ఆగి, మళ్లీ వచ్చింది. మొదటి బెంచీలో కొత్త మంత్రిగారు తల తిప్పి చూశారు. సెక్రటరీగారు గుమాస్తా కేసి చూశారు, తర్వాత అతని పక్కనున్న కిటికీ కేసి చూశారు. ఇరవై రెండేళ్ల నౌకరీలో ఆ చూపుకి అర్థం అతనికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

గుమాస్తా లేచి కిటికీ దగ్గరకు వెళ్లాడు. ఎదురు కిటికీలో మంచం మీద ఆమె కనబడింది. ఆమె కూడా అతన్ని చూసింది. తన పేరు వచ్చే వేళయిందని చెప్పడానికి వచ్చాడనుకుంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంది. చేతులు జోడించి, కళ్లు మూసుకుంది.

అతను రెండు రెక్కలూ దగ్గరికి లాగి గడియ పెట్టాడు. వెనక మైకులో సెక్రటరీగారు గొంతు సవరించుకున్నారు.