ప్రెసిడెంటు గారికి దాణా బస్తా

ఎనభై తొమ్మిదిలో ఒక సోమవారం శీనయ్య ఉదయగిరిలో మొదటి బస్సెక్కి ఆత్మకూరుకు బయలుదేరాడు. అలివేణి పాల సంఘం కొత్తగా కొన్న కంప్యూటర్‌ను ఆరోజు ప్రెసిడెంటు నారాయణయ్యకు చూపించాలి. ఆయన మెచ్చితే ఉద్యోగం పర్మనెంటు. మెచ్చకపోతే మళ్లీ నాయన వెంట పొలంలో మడక పట్టాల్సిందే.

ప్రోగ్రాములో శీనయ్య 'బర్రె' అనే నమూనా రాసి పెట్టాడు. పేరు కొడితే చాలు, అందులోంచి కొత్త బర్రె పుట్టుకొస్తుంది. పుడుతూనే కొమ్ములు రెండు, పాలు పూటకు నాలుగు లీటర్లు, చూడి 'అవును' అని తనంతట తానే నింపుకుంటుంది. తేడా ఉంటే మార్చుకోవాలి, లేకపోతే అదే ఖాయం. ఊళ్లో బర్రెలన్నిటినీ అట్లాగే ఎక్కించాడు. చూడి బర్రెలకు సంఘం నెలనెలా ఉచితంగా దాణా ఇస్తుంది.

నారాయణయ్య చూసి మురిసిపోయాడు. "నన్నూ, మా డైరెక్టర్లందర్నీ గూడా ఎక్కించరా దాంట్లో!"

మనుషులకు వేరే నమూనా రాయాలి. రాసేలోపు టీ చల్లారిపోతుందని శీనయ్య బద్ధకించి, బర్రె నమూనాలోనే అందరి పేర్లూ కొట్టేసి లేచాడు.

మధ్యాహ్నానికి గోదాము వహాబ్ కంప్యూటర్ ఇచ్చిన చూడి జాబితా పట్టుకుని, ఒక దాణా బస్తా తెచ్చి నారాయణయ్య ఇంటిముందు దించాడు. ఆయన భార్య వరదమ్మ బయటికొచ్చింది.

"సారు చూడితో ఉండాడంటమ్మా. కంప్యూటర్ చెప్పింది."

"అది చెప్తే? నువ్వు చూళ్లేదా ఆయన్ని?"

"పొట్ట చూస్తే నాకూ అనుమానంగానే ఉండాదమ్మా."

వీధంతా పగలబడి నవ్వింది. నారాయణయ్య నిప్పులు కక్కుతూ ఆఫీసుకొచ్చాడు. శీనయ్య ఒక్కో పేరూ మార్చే ఓపిక లేక నమూనాలోనే 'అవును' తీసి 'కాదు' పెట్టి, అందరినీ మళ్లీ మొదటినుంచి పుట్టించాడు. ప్రెసిడెంటు గారి చూడి పోయింది. దాంతోపాటు ఊళ్లో బర్రెలన్నిటిదీ పోయింది. వహాబ్ దాణా ఆపేశాడు. సంఘానికి పాలు పోసే పెంచలమ్మ తన బర్రెను ఏకంగా ఆఫీసులోకే తోలుకొచ్చింది.

"రేపో మాపో ఈనేదాన్ని చూడి కాదంటావా? కండ్లు యాడ పెట్టుకోనుండావురా!"

చేసేది లేక శీనయ్య మళ్లీ 'అవును' పెట్టాడు. బర్రెలన్నీ చూడివయ్యాయి. నారాయణయ్యా అయ్యాడు.

ఆయన లేచి తలుపు మూశాడు. ఉద్యోగం పోయినట్టేనని శీనయ్యకు ఏడుపొచ్చింది.

"ఒరే, ఆ దాణా నెలనెలా వస్తాదా?" అన్నాడు నారాయణయ్య మెల్లగా.

"నమూనా మార్చకుంటే వస్తాదయ్యా."

"మార్చబాక. రేపట్నుంచి నువ్వు పర్మనెంటు."

ఆ సంఘంలో డైరెక్టర్లందరూ ఏడాది పొడుగునా చూడితోనే ఉన్నారు, ఒక్కరూ ఈనలేదు.