చిక్కుడు గింజలు ఏలే ఊరు

తెలివి లేనివాళ్ళు ఏలడం కంటే ఊరికి అదృష్టం ఉంటుందా? ఉండదంటాను! మా ఏథెన్సులో పదవులు పంచేవి చిక్కుడు గింజలు. కుండలో చెయ్యి పెట్టి తెల్లగింజ తీసినవాడు ఏడాదిపాటు అధికారి, నల్లగింజ తీసినవాడు ఇంటికి. ఇంతకంటే సుఖమైన ఏర్పాటు ఎక్కడైనా ఉంటే చెప్పండి!

ఈ ఏడు మురుగుకాలవల మీద అధికారం మా ఎదురింటి చెప్పులు కుట్టే మికియోన్‌కు పడింది. నిరుడు వానకు కొట్టుకుపోయే తన చెప్పుల వెంటే పరిగెత్తినవాడు, కాలవ ఎటు పారుతుందో వాడికేం తెలుసు? అయితేనేం! వచ్చే ఏడు మళ్ళీ మా మధ్యే కూర్చుని చెప్పులు కుట్టుకోవాలి. మనిషి ఒద్దికగా ఉండటానికి ఆ భయం చాలదూ? అదే మహా తెలివైనవాడు గద్దె ఎక్కాడనుకోండి, దిగుతాడా?

పెద్దింటి ఎపిక్రాతీస్‌కు ఈ సంగతి తలకెక్కదు. పొద్దస్తమానం మంగలి కొట్టు అరుగు మీద ఆయనది ఒకటే పాట.

"ఓడ చుక్కానిని గింజలేసి ఎవడికో అప్పగిస్తారటయ్యా? తెలిసినవాడు ఏలాలి, తెలియనివాడు నోరు మూసుకోవాలి!"

వినేవాళ్ళు తలలూపుతారు. ఆ తెలిసినవాడు ఎవడని మాత్రం అడగరు. అడగడమెందుకు, ఎదురుగానే కూర్చున్నాడుగా!

మొన్న ఆయన కోడలు మెలీతకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. నలభై ఏళ్ళుగా మంత్రసానిని కదా, నాకు కబురొచ్చింది. వెళ్ళేసరికి ఎపిక్రాతీస్ గుమ్మంలో నిలబడి, "పిల్లను కదిలించకండి! నా దగ్గర గ్రంథం ఉంది," అంటున్నాడు. లోపల మెలీత పెదవులు తెల్లబడిపోతున్నాయి.

"ఆ గ్రంథం ఎన్ని కాన్పులు చూసింది బాబూ?" అన్నాను.

"ఆడదానివి, నీకేం తెలుసే ముసలమ్మా!"

"చుక్కాని తెలిసినవాళ్ళకే ఇవ్వాలన్నావుగా? ఇక్కడ తెలిసినదాన్ని నేను. నోరు మూసుకుని బయట నిలబడు!"

తలుపు వేసేశాను. పిల్లను మోకాళ్ళ మీద వంచి, పొట్టకు నూనె రాసి, బిడ్డను మెల్లగా తిప్పాను. తెల్లారకముందే మగపిల్లవాడు కేరుమన్నాడు. తల్లి కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది.

ఆ పూటే మంగలి కొట్టు అరుగు మీద ఎపిక్రాతీస్, "చూశారా! తెలిసినవాడి మాట మీద నడిస్తే ఇల్లు ఎలా నిలబడుతుందో!"

నేనెందుకు కాదంటాను? గింజ గుడ్డిదే, పొరపాటునైనా ఒకసారి తెలిసినవాడి చేతికి వస్తుంది. తెలిసినవాణ్ణి ఏరతానన్న పెద్దమనిషి మాత్రం ప్రతిసారీ తననే ఏరుకుంటాడు!

ఆ పసివాడికి ముప్పై ఏళ్ళు నిండితే చాలు, ఏమీ రాకపోయినా పదవికి పిలుపొస్తుంది. వాణ్ణీ వాడి తల్లినీ బతికించినా, ఆడదాన్నని నన్ను ఇటు గింజలవాళ్ళూ పిలవరు, అటు గ్రంథాలవాళ్ళూ పిలవరు. నొప్పులొస్తే తప్ప!