ఎనభై పొయ్యిలార్పిన రేసు కారు

రెండువేల నాలుగులో ఒక శనివారం పొద్దున్న, రాజోలు దగ్గరి లంక ఊళ్లో సత్యం మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే: పదకొండింటి బస్సు వచ్చేలోగా భార్య జ్ఞానమ్మ చేత "బాగుంది" అనిపించుకోవడం. ఆరు స్పీకర్ల డీవీడీ సెట్టు కొని ఆ రోజుకి వారం. నచ్చకపోతే వారంలోపు తెచ్చేయమన్నాడు అమలాపురం కొట్టువాడు. జ్ఞానమ్మకి నచ్చలేదు.

"పాత టీవీలో వినబడిందే ఇందులోనూ వినబడుతోంది. ఈ ఆరూ దేనికండీ, కోళ్లు గుడ్లెట్టుకోడానికా? బస్సుకి పట్టికెళ్లి ఇచ్చేసి రండి," అని పెరట్లోని వంటింట్లోకి పోయింది.

మాస్టారు ఆఖరి ప్రయత్నంగా కొట్టువాడిచ్చిన డిస్కు తీశారు. మోటారు రేసుల డాక్యుమెంటరీ. బొమ్మ ఎంత తేటగా ఉందంటే, డ్రైవరు హెల్మెట్ అద్దంలో ఎదుటివాడి మీసాలు లెక్కపెట్టుకోవచ్చు. ఇక శబ్దమంటారా, కారు ఎడమ చెవిలో దూరి, బుర్రలో గేరు మార్చుకుని, కుడి చెవిలోంచి వెళ్లిపోతుంది. వంటింటికి వినబడాలని మాస్టారు రెండు స్పీకర్లు పెరటి కిటికీలో బయటికి తిప్పి పెట్టారు. డిస్కుని చివరి పోటీ దగ్గరికి తెచ్చి, శబ్దం పూర్తిగా పెంచి, కళ్లు మూసుకుని కూర్చున్నారు.

ఇరవై కార్లు ఒక్కసారే బయల్దేరాయి.

ఆ ఊరి పొలాల కింద గ్యాసు గొట్టం ఉంది. నేలలోంచి రొద వినబడితే ముందు పొయ్యి ఆర్పాలని, తర్వాత గాలికి ఎదురు పరుగెత్తాలని గ్యాసు కంపెనీవాళ్లు ఏటా వచ్చి చెప్పిపోతారు. పెరటి వెనకింటి వరహాలమ్మ చెవిన రొద పడింది. చేతికి నీళ్లందక దోసెల పిండి గిన్నె పొయ్యిలో బోర్లించి కేకేసింది. ఇక ఎవరి పొయ్యి వాళ్లు ఆర్పి, పక్కవాళ్లదీ ఆర్పి, అప్పటికే ఆరిపోయినవి కూడా మళ్లీ ఆర్పారు. రాఘవులు నోట్లో చుట్ట మీద ఎవరో కొబ్బరినీళ్లు పోశారు. జ్ఞానమ్మ చేపల మూకుడు దింపి పక్కన పెట్టేలోగా, వరహాలమ్మే వచ్చి ఆ పొయ్యిలో బిందె వంచింది.

"గొట్టం పగిలిపోయిందండీ జ్ఞానమ్మ గారూ, వినబడతల్లేదా?"

జ్ఞానమ్మ చెవి ఒగ్గి, ఒక్క పరుగున ఇంట్లోకొచ్చింది. "ఏవండీ, రొద వింటన్నారా?"

మాస్టారు కళ్లు తెరవలేదు. "వినబడిందా? ఎటునుంచి?"

"వెనకనుంచండీ."

"ఆయ్. ఇప్పుడో?"

"పక్కకొచ్చేసిందండీ."

"మలుపు తిరిగిందన్నమాట. గుండెల్లో అదురు తెలుస్తోందా?"

"కాళ్లు కూడా అదురుతున్నాయి, లేవండి."

"అదీ శబ్దమంటే," అన్నారు మాస్టారు మురిసిపోతూ. గ్యాసు తలకెక్కిందనుకుని జ్ఞానమ్మ ఆయన్ని రెక్క పట్టుకుని ఏటిగట్టుకి లాక్కుపోయింది.

గట్టు మీద ఎనభై గడపలవాళ్లూ, మేకలూ, రేషన్ కార్డులూ చేరేసరికి మాస్టారికి సంగతి అర్థమైంది. చెప్పబోయారు. పిండి కారుతున్న గరిటెతో నిలబడ్డ వరహాలమ్మని చూసి నోరు మూసుకున్నారు. ఇంతలో రొద ఆగింది.

"గ్యాసోళ్లు కట్టేసేరు," అన్నాడు రాఘవులు.

అప్పుడు ఖాళీ ఊళ్లోంచి వేలమంది చప్పట్లు కొట్టారు.

"మనందరం ఇక్కడుంటే అక్కడ కొట్టేదెవరండీ?" అంది వరహాలమ్మ.

రొద మొదలవగానే ఎవరో ఫోను చేస్తే గ్యాసు కంపెనీ ఇంజనీరు జీపులో వచ్చాడు. ఆయన వెనకాలే ఊరంతా చప్పట్లు వస్తున్న ఇంట్లోకి నడిచింది. తెరమీద గెలిచినవాడు సీసా ఊపి అందరి మీదా నురగ చల్లుతున్నాడు.

"పాపం, ఆ బాబూ ఆర్పుతున్నాడు," అంది వరహాలమ్మ.

ఎనభై గడపలూ మాస్టారి వైపు తిరిగాయి. ఆయన వైర్లు చుట్టడం మొదలెట్టారు. "బస్సుకి ఇచ్చేసి వస్తానండి."

"ఆగండి మాస్టారూ," అన్నాడు ఇంజనీరు. "మూడేళ్లుగా నేర్పుతున్నాం. పట్టుమని పదిమంది కదిలింది లేదు. ఇవాళ తొమ్మిది నిమిషాల్లో ఊరు ఖాళీ."

జ్ఞానమ్మ మొగుడి చేతిలోంచి వైర్లు లాక్కుంది. "తేడా లేదన్నాను, నిజమే. ఊరినంతా గట్టెక్కించిన దాన్ని పట్టికెళ్లి, వినబడతల్లేదని ఏ మొహంతో చెప్తారండీ? ఉంచండి."

సెట్టు ఉండిపోయింది. కాకపోతే మాస్టారు శబ్దం ఒక్క గీత పెంచాలన్నా, ముందుగా పంచాయతీ మైకులో ఊరికి చెప్పించాలి.