లిఫ్టు మెకానిక్ గారి బిజినెస్ ఇంగ్లిష్

ఉద్యోగులకు బిజినెస్ ఇంగ్లిష్ పరీక్ష పెట్టాలని మొట్టమొదట ఎవరికి తట్టిందో గానీ, ఆ మహానుభావుడు కనిపిస్తే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాలని ఉంది! నవ్వకండి, మనస్ఫూర్తిగానే అంటున్నాను.

ఈ పరీక్ష రాకముందు మనం ఎంత మోటుగా బతికామో గుర్తుందా? ఏదైనా చెడిపోతే "చెడిపోయింది" అనేవాళ్లం. తప్పు చేసినవాడు "నాదే తప్పు" అని నలుగురిలో ఒప్పేసుకునేవాడు. ఛీ ఛీ, ఏం అనాగరికం! ఇప్పుడు ఏదీ చెడిపోదు, 'చిన్న చాలెంజ్' ఎదురవుతుంది, అంతే. పని కాలేదని మీరు గొంతు చించుకుంటే మీ ఫీడ్‌బ్యాక్ అమూల్యం అంటారు. ఇంత ప్రశాంతత మన తాతలు ఎరుగుదురా?

నమ్మకం కుదరకపోతే మా బావ సంగతి వినండి.

మా అక్క మొగుడు లిఫ్టు మెకానిక్. ఇరవై ఆరేళ్లుగా ఒకే కంపెనీ. లిఫ్టు తలుపుకు చెవి ఆనించి కాసేపు నిలబడితే చాలు, జబ్బు ఎక్కడుందో చెప్పేస్తారు. లోపల ఎవరైనా ఇరుక్కుంటే బయటి నుంచి "భయపడకండమ్మా, వచ్చేశాను" అని ఒక్క కేక వేసి, మెట్లన్నీ ఎక్కి పైగదికి పోయి, కరెంటు ఆపి, పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పుతూ లిఫ్టును అంతస్తు దగ్గరికి తెచ్చేవారు. పావుగంట పని. అన్నేళ్లలో ఆయన కస్టమర్లతో మాట్లాడిన మాటల్లా ఆ ఒక్క కేకే. ఎంత వెనకబాటుతనమో చూశారా!

నిరుడు కొత్త మేనేజరు వచ్చి మెకానిక్‌లు తొమ్మిది మందినీ కూర్చోబెట్టాడు. ఇకమీదట వాళ్లు మెకానిక్‌లు కారట, 'కస్టమర్ సొల్యూషన్ ప్రొఫెషనల్స్' అట. అందరూ బిజినెస్ ఇంగ్లిష్ పరీక్ష పాసవ్వాలి. రెండుసార్లు తప్పినవాడు టూల్స్ సంచి స్టోర్‌లో అప్పగించి ఇంటికి పోవచ్చు. ఈ ముక్కలన్నీ ఆయన మన భాషలోనే చెప్పాడు లెండి, లేకపోతే వాళ్లకు అర్థం కావద్దూ!

 ఆ రాత్రి బావ కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు కెలికి లేచిపోయారట.

"ఈ వయసులో బయటికి పొమ్మంటే ఎక్కడికి పోనే? నాకు ఇదొక్కటే కదా వచ్చు" అన్నారట అక్కతో.

మొదటి పరీక్షలో మాట్లాడే భాగం వచ్చింది. అద్దాల గది, ఎదురుగా ఎగ్జామినర్ మేడమ్. తాను కస్టమర్‌నని, తమ బిల్డింగ్‌లో లిఫ్టు ఆగిపోయిందని, లోపల ఒక ముసలావిడ ఇరుక్కుపోయిందని ఆవిడ చక్కటి ఇంగ్లిష్‌లో చెప్పింది. బావకు అర్థం కాలేదనుకునేరు! శుభ్రంగా అర్థమైంది. అదే కొంప ముంచింది.

"విచ్ ఫ్లోర్ మేడమ్?"

ఆవిడ నోటికొచ్చిన అంకె, ఐదు అంది.

ఇరవై ఆరేళ్ల అలవాటు! లోపల ముసలావిడ ఉందంటే కాళ్లు ఆగుతాయా? కుర్చీ వెనక్కి నెట్టి, గది బయట పెట్టిన సంచి భుజాన వేసుకుని మెట్లెక్కేశారు. ఆ భవనంలో లిఫ్టు నిక్షేపంలా తిరుగుతోంది. అయినా బావ ఊరుకోక, అన్ని అంతస్తుల తలుపులూ తట్టి చూసి, వదులైన రెండు బోల్టులు బిగించి, అరగంటకు చెమటలు కక్కుకుంటూ దిగొచ్చారు.

"లిఫ్టుకేం కాలేదు మేడమ్. ఇంతకీ ఆ పెద్దావిడ ఎక్కడ?"

ఫెయిల్! రిమార్క్ కూడా రాశారు. అభ్యర్థి కస్టమర్‌ను ఓదార్చలేదు, అనవసరంగా సమస్యను పరిష్కరించబోయాడు అని.

ఇంకొక్క అవకాశమే మిగిలింది. కోచింగ్‌లో చేరారు. అక్కడి సార్ మొదటిరోజే బావ జబ్బేమిటో పట్టేశాడు. "మీకు లిఫ్టు బాగుచేయడం వచ్చండీ, అదే మీ వీక్‌నెస్. పరీక్ష గదిలో ఆ సంగతి మర్చిపోండి" అన్నాడు. నెలన్నర పాటు బావ మర్చిపోవడమే చదువుగా చదివారు. ఇంట్లో కూడా ప్రాక్టీసే. వంటింట్లో కొళాయి కారుతోందని అక్క మొత్తుకుంటే, ఈ విషయం మా దృష్టికి తెచ్చినందుకు థాంక్స్ అని ఇంగ్లిష్‌లో వంగి మరీ చెప్పారట.

"థాంక్సులు తర్వాత చెబుదురు గాని, ముందు ఆ వాషర్ మార్చండి!" అని అక్క గరిటె ఎత్తిందట.

రెండో పరీక్షలో మేడమ్ రెచ్చిపోయింది. లిఫ్టులో పదకొండు మంది ఉన్నారంది. ఊపిరాడటం లేదంది, ఒకావిడ నిండు గర్భిణి అంది. బావ అంగుళం కదల్లేదు. బల్ల కింద మోకాళ్లను మాత్రం రెండు చేతులతో అదిమి పట్టుకున్నారట. పైకి చిరునవ్వే. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని, మీ ఓపికకు ధన్యవాదాలని గడగడా అప్పజెప్పారు. డిస్టింక్షన్!

పాసైనవాడిని ఇంకా గ్రీజు పూసుకోనిస్తారా? ఏసీ గదిలో కస్టమర్ల ఫోన్లు ఎత్తే పని, మెడలో టై, చెవులకు హెడ్‌ఫోన్లు. టూల్స్ సంచి ఎటూ స్టోర్‌లోకే పోయింది. "సాయంత్రం ఇంటికొచ్చి చేతులు చూసుకుంటూ కూర్చుంటున్నారురా, నాకు ఏడుపొస్తోంది" అని అక్క ఫోన్ చేసింది. నేనే మందలించాను. మొగుడు ఎదుగుతుంటే ఏడుస్తారా ఎవరైనా?

ఇంత తీరిగ్గా ఎందుకు పొగుడుతున్నానంటారా? తీరిక దొరికింది కనుక. ఏడో అంతస్తుకూ ఎనిమిదో అంతస్తుకూ నడుమ, లిఫ్టులో నేలమీద చతికిలబడి, రెండు గంటలుగా ఇదే రాస్తున్నాను. ఎర్ర బటన్ నొక్కితే ఎంత మర్యాద! కమ్మటి ఇంగ్లిష్‌లో స్వాగతం చెప్పారు. గొంతు ఎక్కడో విన్నట్టుంది.

"బావా! నేను! లోపల ఇరుక్కుపోయాను!"

 అవతలి గొంతు గుసగుసలోకి, తెలుగులోకి దిగింది.

"ఒరేయ్, నువ్వా? నెమ్మదిగా మాట్లాడు, కాల్ రికార్డవుతుంది. ఆగేముందు గరగరమందా, టక్కుమందా?"

"టక్కుమంది బావా."

"బ్రేకు పట్టేసిందిరా. పావుగంట పని."

"అయితే రా బావా, నీకు పుణ్యముంటుంది!"

"సంచి స్టోర్‌లో ఉందిరా. ఆ బిల్డింగ్ వాచ్‌మన్ ఫోన్ చేయగానే ఇమ్మన్నాను, మేనేజరు మెయిల్ పెట్టమన్నాడు. ఇందాకే పెట్టాను."

"ఏమన్నాడు?"

"నా ఓపికకు థాంక్స్ అని రాశాడు."

నా ప్రాణం ఉసూరుమంది. "పోనీ, ఇంకో మెకానిక్‌ని పంపించు బావా! ఎవరో ఒకరు!"

బావ గుసగుస కూడా మర్చిపోయారు.

"ఎవర్ని పంపనురా? తొమ్మిది మందిమీ పాసైపోయాం."